వైవాక్స్ మలేరియా: జ్వరం తగ్గాక మళ్లీ ఎందుకు తిరగబెడుతోంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, బరువు 72 కిలోలు. ఏడు నెలల్లో మూడుసార్లు మలేరియా వచ్చింది. ప్రతిసారీ రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అనే తేలింది. మొదటిసారి మూడు రోజుల క్లోరోక్విన్‌తో తగ్గింది. రెండోసారి దాంతోపాటు ప్రైమాక్విన్ 15 మి.గ్రా. రోజుకొకటి చొప్పున 14 రోజులు వాడమన్నారు. కడుపునొప్పి రావడంతో తొమ్మిది రోజులకే ఆపేశాను. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ చలిజ్వరం. మధ్యలో చేయించిన పరీక్షలో మలేరియా లేదనే వచ్చింది. మూడోసారి క్లోరోక్విన్ పోయిన వారమే పూర్తయింది. దోమతెర వాడుతూనే ఉన్నాం. ఈ జబ్బు ఒంట్లోంచి పోదా? నా భార్య ఐదో నెల గర్భవతి. ఆమెకూ నెల కిందట వైవాక్స్ వచ్చి తగ్గింది. ఆమె ప్రైమాక్విన్ వాడొచ్చా?

జవాబు: పోతుంది. అయితే రక్తంలోని క్రిములు చావడం వేరు, కాలేయంలో దాగినవి చావడం వేరు. మీ విషయంలో మొదటిది ప్రతిసారీ జరిగింది, రెండోది ఇంతవరకూ జరిగినట్టు లేదు.

దోమ కుట్టినప్పుడు లోపలికి వెళ్లిన వైవాక్స్ క్రిములు ముందు కాలేయానికే చేరతాయి. వాటిలో కొన్ని పెరిగి రక్తంలోకి వచ్చి జ్వరం తెస్తాయి. మిగిలినవి కాలేయ కణాల్లోనే ఎదుగుదల ఆపి నిద్రాణంగా ఉండిపోతాయి. వీటినే హిప్నోజోయిట్లు అంటారు. కాలేయంలో మలేరియా దశ ఉందని 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. ఈ నిద్రాణ రూపాన్ని 1980ల ఆరంభంలో గానీ కళ్లతో చూడలేకపోయారు. అది రక్తంలో ఉండదు కాబట్టి స్మియర్‌లోనూ (రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) ర్యాపిడ్ కిట్‌లోనూ కనిపించదు. మీకు మధ్యలో ‘లేదు’ అని వచ్చిన రిపోర్టు తప్పు కాదు, అది రక్తం గురించి మాత్రమే చెప్పింది. క్లోరోక్విన్ కూడా ఈ రూపాన్ని ఏమీ చేయలేదు. పైగా ఆ మందు వారాల తరబడి రక్తంలో నిలిచి, కాలేయం నుంచి వచ్చే తొలి విడత క్రిములను అణిచేస్తుంది. ఉష్ణమండల ప్రాంతాల వైవాక్స్ క్లోరోక్విన్ తర్వాత సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు బయటపడటం అందుకే. మీ ‘రెండు నెలలు’ సరిగ్గా ఈ లెక్కలోకే వస్తుంది. కొత్తగా దోమ కుట్టి వచ్చి ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, ముందు అనుమానించాల్సింది తిరగబెట్టడాన్నే.

కాలేయంలోని ఈ నిద్రాణ రూపాన్ని చంపడానికి ఇచ్చేదే ప్రైమాక్విన్. ఇప్పుడు దాని మోతాదు చూద్దాం. చాలామంది రోజుల లెక్కే చూస్తారు, కానీ ప్రైమాక్విన్‌లో అసలు పనిచేసేది కోర్సు మొత్తంలో కిలో బరువుకు ఎంత మందు పడిందన్నది. సాధారణ కోర్సు కిలోకు రోజుకు 0.25 మి.గ్రా., 14 రోజులకు కలిపి 3.5 మి.గ్రా. మీ బరువుకు అది రోజుకు 18, మొత్తం 252 మి.గ్రా. మీరు వేసుకున్నది తొమ్మిది మాత్రలు, అంటే 135 మి.గ్రా. కిలోకు 1.9 కూడా పడలేదు. పద్నాలుగూ వేసుకున్నా 210 మి.గ్రా. దగ్గరే ఆగేది. 15 మి.గ్రా. మాత్ర సరిపోయేది 60 కిలోల మనిషికి. బరువు చూడకుండా అందరికీ ఒకే మాత్ర రాయడం వల్ల బరువైనవాళ్లు తరచూ నష్టపోతున్నారు.

తరచూ తిరగబెట్టే రకాలకు 3.5 కూడా చాలదని పరిశోధనలు చెబుతున్నాయి. అఫ్గానిస్థాన్, ఇథియోపియా, ఇండోనేసియా, వియత్నాంలలో జరిగి 2019లో ప్రచురితమైన ఇంప్రూవ్ ట్రయల్‌లో కిలోకు మొత్తం 7 మి.గ్రా. ఇచ్చారు. కొందరికి ఏడు రోజుల్లో, కొందరికి 14 రోజుల్లో. ఒక్కో మనిషికి ఏడాదికి లెక్కేస్తే మళ్లీ జ్వరం రావడం ఈ రెండు పద్ధతుల్లో 0.18, 0.16 సార్లు, ప్రైమాక్విన్ ఇవ్వనివాళ్లలో 0.96 సార్లు. మూడుసార్లు వచ్చిన మీలాంటివారికి ఎక్కువ మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడటం సమంజసం. ఏ మోతాదన్నది ఆయా దేశాల మార్గదర్శకాలను బట్టి డాక్టరే నిర్ణయిస్తారు.

కానీ దానికి ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ సరిపడా ఉందో లేదో చూసే పరీక్ష ఇది. తొమ్మిది రోజులు వేసుకున్నా ఏమీ కాలేదు కదా అని దీన్ని వదిలేయకండి, ఈసారి మోతాదు రెట్టింపు కావొచ్చు. ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారిలో ప్రైమాక్విన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కాబట్టి మగవారిలో ఉన్నదీ లేనిదీ మామూలు కిట్‌తో చాలావరకు తేలిపోతుంది. ఆడవారిలో మధ్యస్థంగా ఉండే అవకాశం ఎక్కువ, వారికి ఎంజైమ్‌ను అంకెల్లో కొలిచే పరీక్ష కావాలి. రక్తం ఎక్కించుకున్నాక గానీ, రక్తకణాలు అప్పుడే పగిలాక గానీ చేస్తే ఫలితం తప్పుడు ధీమా ఇస్తుంది. ఆ సంగతులుంటే ముందే చెప్పండి. లోపం తేలితే రోజూ వేసుకోకూడదు. కిలోకు 0.75 మి.గ్రా. చొప్పున వారానికొకసారి, ఎనిమిది వారాలు, హిమోగ్లోబిన్ చూసుకుంటూ ఇస్తారు.

మీరు మానేయడానికి కారణమైన కడుపునొప్పి ఖాళీ కడుపున వేసుకుంటే ఎక్కువ. కడుపునిండా తిన్న వెంటనే వేసుకోండి. అరగంటలోపు వాంతైతే ఆ డోసు మళ్లీ వేసుకోవాలి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు రోజులది కలిపి మింగొద్దు, కోర్సును ఒకరోజు పొడిగించండి. మూత్రం నల్లటి టీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, పెదాలు నీలంగా కనిపించినా, నాలుగడుగులకే ఆయాసం వచ్చినా మాత్ర ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇవి ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడతాయి.

కోర్సు సరిగ్గా పూర్తయినా తిరగబెడితే మరో సంగతి చూడాలి. కాలేయంలోని సీవైపీ2డీ6 ఎంజైమ్ ప్రైమాక్విన్‌ను పనిచేసే రూపంలోకి మారుస్తుంది. కొందరిలో అది పుట్టుకతోనే మందకొడి. డిప్రెషన్‌కి వాడే ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ కూడా దాన్ని అడ్డుకుంటాయి. మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కు చూపించండి.

ఒకే డోసుతో ముగిసే టాఫెనోక్విన్ కూడా ఉంది, పెద్దలకు 300 మి.గ్రా. అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. దానికి జీ6పీడీ కనీసం 70 శాతం ఉండాలి, క్లోరోక్విన్‌తోనే జతచేయాలి. ఒంట్లో వారాలు నిలుస్తుంది, తేడా చేస్తే వెనక్కి తీసుకోలేం. అందుకే అంకెల పరీక్ష లేనిచోట దాని జోలికి పోవద్దంటాను.

మీ భార్య ప్రైమాక్విన్ గానీ టాఫెనోక్విన్ గానీ వాడకూడదు. ఆమెకు సరిపోయినా, కడుపులో బిడ్డకు జీ6పీడీ లోపం ఉందో లేదో తెలియదు. తిరగబెట్టకుండా వారానికొకసారి క్లోరోక్విన్‌ను కాన్పు వరకు ఇచ్చే పద్ధతి ఉంది. ప్రసూతి వైద్యులతో ఈ వారమే మాట్లాడండి, ఎందుకంటే గర్భిణికి వైవాక్స్ తిరగబెడితే రక్తహీనత, బిడ్డ బరువు తగ్గడం రెండూ ఉంటాయి. కాన్పయ్యాక ఆమెకు, చనుపాలు తాగే బిడ్డకు జీ6పీడీ పరీక్షలు చేసి ప్రైమాక్విన్ సంగతి తేలుస్తారు.

మీరు మాత్రం కాన్పు దాకా ఆగనక్కర్లేదు. క్లోరోక్విన్ ఇంకా రక్తంలో ఉన్న ఈ రోజుల్లోనే జీ6పీడీ పరీక్ష చేయించుకుని, బరువు తూచి మోతాదు రాయించుకుని మొదలుపెట్టండి. రాబోయే ఏడాదిలో ఎప్పుడు జ్వరం వచ్చినా ఇంట్లో ఉన్న మాత్ర వేసుకోకుండా అదేరోజు స్మియర్ పరీక్ష చేయించి, తేదీతో సహా రిపోర్టు దాచుకోండి. ఎన్ని వారాలకు వచ్చిందన్నదే డాక్టర్‌కు దారి చూపుతుంది.