రికార్డు గదిలో ఉద్యోగం, ఇంట్లో బీఈడీ మాట

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మా అమ్మాయి హిస్టరీతో బీఏ ఆఖరి ఏడాది చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. సెలవుల్లో మున్సిపల్ పాత రికార్డుల గదిలో నెల రోజులు ఊరికే పనిచేసి వచ్చింది. అప్పట్నుంచి ఆర్కైవ్స్, అంటే పాత రికార్డులు భద్రపరిచే లైనులోకే వెళ్తానని పట్టుబడుతోంది. బీఈడీ చేయించి టీచరు ఉద్యోగంలో పెడదామని మా ఆలోచన. కట్టల దుమ్ము దులిపే పనికి ఇంత చదువెందుకు? అందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: ఉందండీ. కాకపోతే మున్సిపాలిటీ ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే ఇబ్బంది. చిన్న ఊళ్ల మున్సిపాలిటీల్లో ఆర్కైవిస్టు అన్న పోస్టు చాలాచోట్ల ఉండదు. రికార్డ్ కీపరో జూనియర్ అసిస్టెంటో మిగతా పనులతో పాటు ఆ గదినీ చూసుకుంటారు. చదువు ఆర్కైవ్స్‌కి సరిపడేలా చదివి, దరఖాస్తులు నాలుగు చోట్లకీ పెట్టుకోవాలి.

ఇక దుమ్ము సంగతి. దులపడం పనిలో పదో వంతు కూడా కాదు. అసలు పని, అడిగిన కాగితాన్ని అడిగిన పూటే తీసివ్వడం. తాతగారి మరణ ధ్రువీకరణ కావాలనో, ఇంటి హోల్డింగ్ పన్ను ఎవరి పేర మొదలైందో చూడాలనో జనం వస్తారు. రిజిస్టరు ఉంటుంది, పేరు మాత్రం దొరకదు. దానికి మీ ప్రాంతానికే ప్రత్యేకమైన కారణం ఒకటుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావాళ్లు చివర రాస్తారు. బొడ్డు అప్పారావు అన్న పేరును ఒక గుమాస్తా ‘బొ’ కింద, ఇంకొకాయన ‘రా’ కింద సూచికలో ఎక్కిస్తారు. ఇంగ్లిషులో రాసినాయన ‘బి. ఎ. రావు’ అని ముగిస్తారు. మనిషి ఒక్కడే, చోట్లు మూడు. పాత జనన రిజిస్టర్లలో చాలాసార్లు బిడ్డ పేరే ఉండదు, ‘మగ’ అనో ‘ఆడ’ అనో ఉంటుంది. అప్పుడు తండ్రి పేరు, వీధి, తేదీ పట్టుకుని వెతకాలి. మూడు లిపుల పేర్లనూ ఒక వరసలో చూపే సూచిక తయారుచేయగలిగిన మనిషికి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో విలువ ఉంటుంది.

మీ అమ్మాయి తెలుగు మీడియం చదువు ఇక్కడే అక్కరకొస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అంతకుముందు కాగితాల్లో తెలుగు బాగా కనిపిస్తుంది. అదీ గొలుసుకట్టు రాత. వలపలగిలక, అంటే అక్షరం పక్కన పెట్టే పాత ‘ర్’ గుర్తు, ఉన్నచోట కొత్తవాళ్లు తెలుగు తొమ్మిది అంకె (౯) అనుకుని ‘సర్వ’ను ‘సవ తొమ్మిది’ అని చదివేస్తారు. తిథి ముందు శు అంటే శుద్ధం, బ అంటే బహుళం.

సంవత్సరం లెక్క ఇంకో చిక్కు. పాత రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫసలీ సంవత్సరాన్ని ఇంగ్లిషు ఏడాదిగా మార్చడానికి 590 కలపమని అందరూ చెబుతారు, కానీ మద్రాసు లెక్కలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై 1 నుంచి 1936 జూన్ 30 వరకు. జనవరి, జూన్‌ల మధ్య తేదీకి 591 కలపాలి. ఇది మరిస్తే మనిషి వయసు ఏడాది తేడా వస్తుంది, పింఛను ఫైలు వెనక్కి వస్తుంది. గుడి కాగితాల్లో, జమీందారీ కాగితాల్లో పూరీ గజపతి అంకం, అంటే పూరీ రాజు ఏలుబడి ఏళ్ల లెక్క, కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అందులో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. 25వ అంకం అంటే నిజానికి 21వ ఏడు. ఏడాది మారేది భాద్రపద శుద్ధ ద్వాదశి, సునియా పండగ నాడు.

కాగితం కాపాడటం చేతిపని. ర్యాకు గోడకు, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. గోడకు ఆనిస్తే చెమ్మా చెదలూ రెండూ నేరుగా ఎక్కుతాయి. గాలిలో తేమ 45–55 శాతం మధ్య ఉండటం మంచిది. 65 దాటి నిలిచిందంటే బూజు పడుతుంది, సముద్రం దగ్గరున్న మీ ఊళ్లో వానాకాలమంతా ఇదే బాధ. రబ్బరు బ్యాండు, గుండుసూది, సెల్లోటేపు మూడూ నిషిద్ధం. బ్యాండు కరిగి అంటుకుంటుంది, సూది తుప్పు పడుతుంది, టేపు జిగురు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. వెడల్పాటి నూలు నాడాతో కట్టాలి, గుర్తులు పెన్సిలుతోనే పెట్టాలి. చిరుగుకు పల్చటి జపనీస్ టిష్యూ, గోధుమ గంజి వాడతారు. అయితే పాత ఇనుప సిరా గోధుమరంగుకు తిరిగి ఉంటే తడి తగలనివ్వకూడదు. ఆ సిరాలో ఆమ్లం ఉంటుంది. తడి తగిలితే పక్కకు పాకి అక్షరం చుట్టూ కాగితాన్ని కూడా కొరికేస్తుంది. ప్లాస్టిక్ లామినేషన్ చేయించిన పాత దస్తావేజు చూస్తే ఈ రంగంవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. దాన్ని మళ్లీ విడదీయడం గండమే.

‘అన్నీ స్కాన్ చేసేస్తే పోలా?’ అని అధికారులు కూడా అంటుంటారు. ఏ3 పేజీని రంగుల్లో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర, కుదించని టిఫ్ ఫైలుగా దాస్తే ఒక్కో పేజీ 52 ఎంబీ దాకా వస్తుంది. 400 పేజీల రిజిస్టరు ఒక్కటే 20 జీబీ. మూడు నకళ్లు ఉండాలి, ఒకటి వేరే భవనంలో ఉండాలి. లావుపాటి రిజిస్టరును ఫ్లాట్‌బెడ్ మీద నొక్కితే కుట్టు తెగుతుంది, అందుకే పైనుంచి తీసే కెమెరా స్టాండు వాడతారు. ఇంతా చేసి ఫైలుకు ‘స్కాన్ 0047’ అని పేరు పెడితే, బీరువాలో వెతికే కాగితాన్ని కంప్యూటర్లో వెతకాల్సి వస్తుంది. సూచిక ముందు, స్కానరు తర్వాత. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షను కూడా ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ రికార్డులను సూచికలతో సహా సిద్ధంగా పెట్టుకోవాలనే చెబుతోంది. ఇంటర్వ్యూలో పనికొచ్చే మాట ఇది.

జనంలోకి వెళ్లే పని మీ అమ్మాయికి నచ్చిందేమో అడిగి చూడండి. చాలామందిని ఈ లైనులో నిలబెట్టేది అదే. ఇంట్లోని పాత ఫొటోలు తెచ్చి స్కాన్ చేయించుకోండని ఒక రోజు పెడతారు. వివరాలతో కలిపి ఒక్కోదానికి ఐదారు నిమిషాలు, ఒక స్కానరుతో పూటకు నలభై దాటవు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తెచ్చారు అన్న నాలుగూ అక్కడే రాసుకోవాలి, వాడుకోవడానికి సంతకంతో అనుమతి తీసుకోవాలి. ఫొటోను ఆ పూటే తిరిగి చేతిలో పెట్టాలి, రాత్రికి ఉంచుకుంటే నమ్మకం పోతుంది. మీ ఊళ్లో దీనికి సరైన సమయం రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర. కులపెద్ద అయిన దేశీబెహెరా ఇల్లు అమ్మవారి పుట్టిల్లు, తెలుగు నేతపనివారైన దేరా కులస్థుల చుట్టూ నడిచే పండగ అది. పాత కరపత్రాలు, ఫొటోలు ఆ ఇళ్లలోనే ఉంటాయి. పిలుపు కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ వేయాలి. ఒక్క భాషలో వేస్తే సగం ఊరు రాదు. బడిపిల్లలకు అసలు రిజిస్టరు చేతికివ్వకూడదు. వాళ్ల వీధి పాత పటం నకలు చూపితే చాలు, మా ఇల్లేదని వాళ్లే వెతుక్కుంటారు. జనన మరణ వివరాల్లో ఇతరుల గుట్టు ఉంటుంది కనుక అవి ప్రదర్శనకు పెట్టరు.

చదువు దారి. బీఏ తర్వాత బరంపురం విశ్వవిద్యాలయంలోనే ఎంఏ హిస్టరీ చేయవచ్చు, ఆధునిక భారత చరిత్ర పేపరు తప్పక తీసుకోమనండి. ఆ తర్వాత ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు చెందిన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. రికార్డుల మరమ్మతు, సంరక్షణ వంటి వాటికి కొన్ని వారాల కోర్సులూ ఉన్నాయి. వయసు, మార్కుల నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కొలువులు నేషనల్ ఆర్కైవ్స్‌లో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, విశ్వవిద్యాలయాల్లో ఉంటాయి. పుణేలో రిజర్వు బ్యాంకు ఆర్కైవ్స్ ఉంది, టాటా, గోద్రెజ్ లాంటి సంస్థలకూ సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి. పోస్టులు తక్కువ, వెంటవెంటనే పడవు. ఈలోగా డిజిటైజేషన్ కాంట్రాక్టులు దొరుకుతాయి. పేజీకింత అని ఇచ్చే పనైతే అనుభవ పత్రం ముందే మాట్లాడుకోవాలి. బీఈడీ చేయిస్తే తప్పేం లేదు, కానీ ఎంఏ అయ్యాక చేయించండి. ముందే చేయిస్తే డిప్లొమా వయసు జారిపోయే ప్రమాదం ఉంది.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో సర్టిఫికెట్లు తీసి ఒక్కటి చూడండి. ఒడిశా ప్రభుత్వ కొలువులకు కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ప్యాసై ఉండాలి. బడిలో ఒడియా ఒక భాషగా చదివి ఉంటే సరే. లేకపోతే ఆ స్థాయికి బోర్డు పెట్టే ఒడియా పరీక్షకు ఈ ఏడే కట్టించండి.