టెక్ సందేహాలు: రేడియేటర్ మూతకు సైకిలు ట్యూబు ముక్క

ప్రశ్న: మా నాన్నగారి 1970 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాను. ఇరవై కిలోమీటర్లు వెళ్లి ఆపితే రేడియేటర్ మూత పక్కనున్న సన్న గొట్టం నుంచి నీళ్లు కారేవి. మెకానిక్కు మూతలోని వాషరు మీద సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి వేశాడు. కారడం ఆగింది. కానీ తెల్లవారేసరికి పై హోస్ పైపు చేత్తో పిసికినట్టు అణిగి ఉంటోంది. మూత మీద 7 అని ఉంది. దీన్నే బాగుచేయించాలా, ఆన్‌లైన్‌లో దొరికే 0.9 మూత కొనాలా? ఇంజిన్ వేడిని ఫోనులో చూపించే బ్లూటూత్ పరికరం దీనికి పనికొస్తుందా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఫోనులో ఖాళీ లేదన్న ఉత్తరాల మధ్య ఇలాంటిది వస్తే నాకు పండగే. ఆ ట్యూబు ముక్కను మాత్రం వెంటనే తీసేయండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక.

మూత అంటాం గానీ అందులో ఉన్నవి రెండు వాల్వులు. పెద్దది స్ప్రింగు బలంతో రేడియేటర్ మెడ లోపలి అంచు మీద కూర్చుంటుంది. ఒత్తిడి 7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అనే కొలత) దాటితే లేచి, నీటిని ఆ సన్న గొట్టంలోకి వదులుతుంది. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు నీరు 100 డిగ్రీలకు కాక దాదాపు 111కి మరుగుతుంది. పెద్దదాని నడుమ చిన్న బిళ్ళలా ఉండేది రెండో వాల్వు. ఇంజిన్ చల్లారి నీరు కుంచించుకున్నప్పుడు ఇది తెరుచుకుని బయటి గాలిని లోపలికి రానివ్వాలి. మీ ట్యూబు ముక్క అంచు బహుశా ఈ బిళ్ళ మీదికి వచ్చింది. గాలికి దారి లేక హోస్ పైపు అణుగుతోంది.

నా భయం దానికంటే పెద్దది. వాషరు మందం పెరిగిన మేరకు స్ప్రింగు ఎక్కువ నొక్కుకుంటుంది. అంటే మూత మీది 7 ఇప్పుడు 7 కాదు, ఎంతో ఎవరికీ తెలియదు. 0.9 మూత వద్దనడానికీ కారణం ఈ ఒత్తిడి పెరగడమే. 7 కంటే చిన్న అంకె కదా అని మోసపోకండి. అది బార్ అనే మరో ఒత్తిడి కొలతలో లెక్క, పీఎస్‌ఐలో 13. మీకు కావలసింది దాదాపు 0.5 బార్. టంకం అతుకుల పాత రేడియేటర్‌కు రెట్టింపు ఒత్తిడి పెడితే మూత కాదు, అతుకే ముందు వదులుతుంది.

ఇక మరమ్మతు. మెడ లోపలి అంచును వేలితో తడిమి చూడండి. సున్నపు పొర, గాడి, సొట్ట ఏదో ఒకటి తగులుతుంది. నా అనుభవంలో సగం లీకులకు మూలం అక్కడే ఉంటుంది, నింద మాత్రం మూత మీద పడుతుంది. పొరను సన్న రకం ఎమరీ కాగితంతో తీయవచ్చు, సొట్ట అయితే రేడియేటర్ పనివారికి ఇవ్వాలి. మూతలో వాషరు గట్టిపడి మెడ ముద్ర పడి ఉంటే, అదే కొలత, అదే మందం ఉన్న కొత్తది వేయండి. చిన్న బిళ్ళను గోటితో లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే ఇంక మరమ్మతు మాట వద్దు. సాగదీసిన స్ప్రింగును నమ్మలేము. కొత్త మూత కొనండి.

కొనేటప్పుడు అంకె ఒక్కటీ చాలదు. మెడ పై అంచు నుంచి లోపలి అంచు దాకా లోతు కొలవండి. పాత బ్రిటిష్ నమూనా కార్లలో అది ఒక అంగుళం ఉండవచ్చు, ముప్పావు అంగుళమూ ఉండవచ్చు. అంగుళం మెడకు ముప్పావు మూత బిగిస్తే పైకి చక్కగా బిగిసినట్టే ఉంటుంది, లోపల వాషరు అంచును తాకనే తాకదు. పాతదైనా కొత్తదైనా చేతి పంపుతో పనిచేసే ప్రెషర్ టెస్టర్‌కు బిగించి చూపించమనండి. 7 దగ్గర పట్టి ఉంచి, దాటగానే వదిలేయాలి. సన్న గొట్టం పూడుకుపోలేదని సన్న తీగ దూర్చి చూసుకోండి.

బ్లూటూత్ పరికరం సంగతి: అది కారులోని కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. మీ కారులో కంప్యూటరే లేదు, ఎవరితో మాట్లాడుతుంది? దాని బదులు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) ఉన్న చోట గురిపెట్టండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి, అక్కడ చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.