చిన్ననాటి ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పండుగలకు ఊళ్లకు చేరే కుటుంబాలు చిన్ననాటి సంగతులు తలుచుకునే తీరుపై ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో కోరాము. ఓరుగల్లు, కరీంనగర్ ప్రాంతాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. పేర్లు వద్దన్నవారే ఎక్కువ కనుక ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: ప్రతి దసరాకు మా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం హనుమకొండలోని మా ఇంట్లో కలుస్తాము. జమ్మి పంచుకుని, పెద్దల కాళ్లు మొక్కి, భోజనాలకు కూర్చోగానే చిన్ననాటి ముచ్చట్లు మొదలవుతాయి. మాకు వేళ తెలియదు కానీ, పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. "మళ్లీ మొదలుపెట్టిండ్రు" అని మా మనవడు గొణగడం నా చెవిన పడింది. మా జ్ఞాపకాలు వీళ్లకు ఎందుకు పట్టవు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మనవడిని తప్పుపట్టే ముందు, ఆ పూట మీరంతా ఏమేం చెప్పుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. "మా కాలంలో కల్తీ లేని తిండి తిన్నాము, మైళ్లకు మైళ్లు నడిచి బడికి పోయాము, ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు" అన్న వరుసలో మాటలు సాగి ఉంటే, అందులో జ్ఞాపకం పాలు తక్కువ, తీర్పు పాలు ఎక్కువ. ఆ తీర్పులో ముద్దాయిలు తామేనని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ముద్దాయి బోనులో ఎంతసేపు నిలబడతాడు చెప్పండి?

ఇంకొక ఇబ్బంది, అన్నిటినీ కలిపి గంపగుత్తగా చెప్పడం. "సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు చేసేవారు, ఎంతో రుచిగా ఉండేవి" అంటే వినేవారి కంటికి ఏమీ కనిపించదు. సకినాలు ఇప్పుడు ఏడాది పొడవునా దుకాణంలో దొరుకుతూనే ఉన్నాయి కదా అని వారికి అనిపిస్తుంది.

నా సంగతే చెబుతాను. పరకాల దగ్గరి మా పల్లెలో నాయనమ్మ నానబెట్టిన బియ్యాన్ని దంచి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ఆ తడిపిండిని వేళ్ల మధ్య సన్నని తాడులా మెలితిప్పుతూ, నేల మీద పరిచిన పాత తెల్లధోవతిపై చుట్టు వెంట చుట్టు వేసుకుంటూ పోయేది. చుట్టిన వెంటనే సకినాన్ని నూనెలో వేయరు. బట్ట తడిని పీల్చుకుని పిండి కాస్త బిగిసేదాకా ఆగాలి, తొందరపడి ఎత్తితే విరుగుతుంది. విరిగినవన్నీ పిల్లలవేనని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కనుక నేను ధోవతి అంచున బుద్ధిమంతుడిలా కూర్చుని, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు బట్ట కొసను వేలితో మెల్లగా లాగేవాణ్ణి. నాయనమ్మ తల ఎత్తకుండానే "ఇయ్యాల గాలి శానా కొడుతున్నట్టుంది" అనేది.

ఇది చెప్పిన రోజు మా మనవరాలు అడిగిన మొదటి మాట "తాతా, ఎన్ని విరగ్గొట్టినవు?" అని. మూడని చెప్పాను. మరుసటి ఏడు మళ్లీ తానే అడిగి చెప్పించుకున్నది. ఈసారి నేను ఐదన్నాను కాబోలు, "పోయినసారి మూడన్నవు" అని పట్టుకున్నది. అంతకంటే శ్రద్ధగల శ్రోత నాకు ఇంతవరకు దొరకలేదు.

కాబట్టి మీరు చేసిన ఘనకార్యాలను కొంతకాలం పక్కనబెట్టి, చేసిన అల్లరితో, పడిన భయంతో, తిన్న తిట్లతో మొదలుపెట్టి చూడండి. ఒక పూటకు ఒక్క సంగతి చాలు. వీలైతే చేతికి ఒక వస్తువు అందించండి. అటక మీద వామనగుంటల పీట ఉంటే దించి, గుప్పెడు చింతగింజలు పోయండి. అది లేకపోతే సుద్దముక్కతో నేల మీద అష్టాచెమ్మకు 25 గళ్లు గీసి, నాలుగు గవ్వలు మనవడి చేతిలో పెట్టండి. ఆడుతున్నంతసేపూ మీరు చిన్నప్పుడు ఎవరితో ఆడారో, ఎవరు తొండి చేసేవారో వాటంతటవే మాటల్లోకి వస్తాయి.

మీ తరం వారికి ఇవే ముచ్చట్లు పదేపదే ఎందుకు గుర్తుకొస్తాయన్నదానికి కూడా కారణం ఉన్నది. వయసు మళ్లినవారిని అడిగినప్పుడు, దాదాపు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా తలపుకు వస్తాయని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఈ సంగతి మీ మనవడికి చెప్పండి, కాస్త జాలిపడతాడేమో.

ప్రశ్న: స్కైలాబ్ పడుతుందని ఊరంతా భయపడిన రోజున మా నాయన మేకను కోశాడని మా అన్న అంటాడు. కోడినే కోశాడని నేనంటాను. అప్పుడు నాకు ఐదేళ్లు, అన్నకు పది. పట్టపగలు తలుపులు మూసుకుని ఇంట్లో చీకట్లో కూర్చున్నామని కూడా నాకు బాగా గుర్తు. అన్న అదీ కాదంటాడు. కలిసిన ప్రతిసారీ ఇదే వాదన. ఎవరి మాట నమ్మాలి? – ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ముందు కాగితం మీద ఉన్నవాటిని చూద్దాం. స్కైలాబ్ అమెరికావారి అంతరిక్ష కేంద్రం. బరువు దాదాపు 77 టన్నులు. 1973 మే 14న పైకి వెళ్లి, 1979 జూలై 11న కూలిపోయింది. శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అయితే అది తమ నెత్తిన పడుతుందని, చావు ఎట్లాగూ తప్పదని తలచి, పెంచుకున్న కోళ్లనూ మేకలనూ కోసుకుని కడుపునిండా తిన్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. కనుక మేకైనా, కోడైనా నమ్మదగినదే.

తలుపుల సంగతి మాత్రం వేరేదని నా అనుమానం. ఆ తరువాత ఏడు నెలలకు, 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సూర్యగ్రహణం పట్టింది. దక్షిణ తెలంగాణలో కొన్ని చోట్ల అది సంపూర్ణ గ్రహణం. మన వైపు సంపూర్ణం కాకపోయినా వెలుగు బాగా తగ్గింది. పిల్లలను బయటికి రానీయకుండా తలుపులు మూసుకున్న ఇళ్లే ఎక్కువ. ఐదారేళ్ల పిల్లవాడికి రెండూ ఆకాశం నుంచి వచ్చిన భయాలే కనుక, మీ మనసులో అవి ఒకే రోజుగా కలిసిపోయి ఉండవచ్చు. ఇందులో మీ తప్పేమీ లేదు. ఒక సంగతిని గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా అల్లుకుంటుంది, ఆ అల్లికలో ఇతరులు చెప్పగా విన్నవి కూడా దారాలుగా చేరుతాయి. మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. అయినా ఉయ్యాలలో ఊగినట్టు గుర్తున్నదనే పెద్దమనుషులు మనలో తక్కువేమీ కాదు, వారికి గుర్తున్నది బహుశా వాళ్లమ్మ చెప్పిన మాట.

అమ్మ గానీ, మేనత్త గానీ ఉంటే వారిని అడగండి. అయితే "మేకనా, కోడినా" అని అడగకండి. అట్లా అడిగితే ఆ రెండింటిలో ఒకటే నోటికి వస్తుంది. "ఆ రోజు ఇంట్లో ఏం వండిండ్రు?" అని మాత్రం అడిగి ఊరుకోండి. ఆమె "మక్కగట్క" అంటే మీ ఇద్దరి వాదనా ఒక్కసారిగా తీరిపోతుంది.

ప్రశ్న: మా పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఒక చిన్న సంచిక వేస్తున్నాము. మిత్రుల చిలిపి పనులు, అప్పటి మారుపేర్లు అందులో రాయవచ్చునా? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మీరు చేసిన చిలిపి పని మీ ఇష్టం, ఇంకొకరిది వారినడిగి రాయండి. మారుపేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెట్టినవాడికి అది సరదాగా గుర్తుంటుంది, మోసినవాడికి వేరేగా గుర్తుంటుంది. ఒకరి నల్లదనం మీదనో, నత్తి మీదనో, కులవృత్తి మీదనో పెట్టిన పేరైతే అడగడం కూడా వద్దు, వదిలేయండి.

ప్రశ్న: పెళ్లిళ్లలో మా వాడకట్టు స్నేహితురాళ్లం కలుస్తాము. అందరూ తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు, రేగుపండ్లు అంటూ నవ్వుకుంటారు. నాకు ఎనిమిదో ఏటి నుంచే అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం తప్ప వేరే బాల్యం లేదు. నవ్వలేక, లేచి వెళ్లలేక కూర్చుంటాను. నన్ను గర్వి అనుకుంటున్నారు. – ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉన్నది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మలిచేసరికి వీధిలో ఆడే పిల్లల అరుపులు ఆగిపోయేవని, ఆ అరుపుల వల్లనే మీకు పొద్దు తెలిసేదని రాశారు. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా లేవడానికి లేని పిల్లకు ఆట చెవుల్లోనే మిగిలింది. దీన్ని తీపి జ్ఞాపకంగా మార్చి చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. "ఆ కష్టమే నన్ను మనిషిని చేసింది" అని ముగించవలసిన అవసరం అంతకన్నా లేదు. అందరూ నవ్వుతున్న చోట మీరు మౌనంగా ఉండడం గర్వం కాదు.

ఎవరో ఒకరికి చెప్పాలని అనిపిస్తే మాత్రం ఆ గుంపులో వద్దు. మీ పక్క ఇంట్లోనే చాట పట్టుకుని కూర్చున్న మరొక అమ్మాయి ఉండే ఉంటుంది, ఉత్తర తెలంగాణలో ఎన్నో వాడకట్టుల్లో ఇంటింటా అదే పని కదా. ఆమెను విడిగా కలవండి. ఆకు చెడిపోయిందని లెక్కలో కోసినప్పుడు అమ్మ ముఖం ఎట్లా ఉండేదో ఆమెకు వివరించి చెప్పనక్కరలేదు.

పెళ్లిళ్లలో ఈ ముచ్చట్లు పెట్టేవారికి కూడా ఒక మాట. వరుసగా కూర్చోబెట్టి "ఇక నీది చెప్పు, ఇక నీది చెప్పు" అని తిప్పకండి. చెప్పాలనుకున్నవారే చెబుతారు.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను. అమ్మ జమ్మికుంట దగ్గర మా ఊరిలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి ఏడాది అయింది. ఆమె చిన్నతనం గురించి తెలుసుకుని రాసి పెట్టుకోవాలని నా ఆశ. ఫోను తీసి "నీ చిన్నప్పటి సంగతులు చెప్పమ్మా" అంటే, "ఏముంటది బిడ్డా చెప్పెటందుకు" అని లేచి పోతుంది. ఎట్లా అడగాలి? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: "చిన్నప్పటి సంగతులు" అన్న ప్రశ్న చాలా పెద్దది, దానికి ఎవరి దగ్గరా సిద్ధంగా జవాబు ఉండదు. పైగా ఎదురుగా ఫోను పెట్టి అడిగితే సాక్ష్యం చెప్పించినట్టుంటుంది. నాన్న పోయిన ఇంట్లో, ఏ ముచ్చట ఎక్కడికి దారితీస్తుందోనన్న జంకు కూడా ఆమెకు ఉండవచ్చు.

చేతులకు పని ఉన్నప్పుడు నోరు తేలికగా తెరుచుకుంటుంది. బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నాయి. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి, కట్ల పూలు వాటి మీద పేర్చుతూ ఆమె కూర్చున్నప్పుడు, మీరు కత్తెర పట్టుకుని గునుగు కాడలు సమంగా కత్తిరించి ఇస్తూ పక్కన కూర్చోండి. అప్పుడు ప్రశ్నలు చిన్నవిగా, చేతికి తగిలేవిగా ఉండాలి. "మీ అమ్మగారింట్ల గునుగు ఏ చెలక నుంచి తెచ్చేటోళ్లు? రంగు ఎవరు అద్దేటోళ్లు? సద్దుల నాడు ఏ చెరువుకు పోయేటోళ్లు? మలీద ముద్ద ఎవరు కట్టేటోళ్లు?" తంగేడు వాసన, నువ్వులు వేయించిన వాసన మనం అడగలేని ప్రశ్నలను కూడా అడుగుతాయి. ఒక్కో వాసన మనిషిని ఎన్నేళ్లు వెనక్కి తీసుకుపోతుందో మీకూ తెలుసు. ఆమె ఒక పేరు చెబితే ఆ పేరు పట్టుకుని మరొక్క మాట అడగండి, మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండి మరో నాలుగు గునుగులు కత్తిరించండి.

మాటలు దాచుకోవాలనుకుంటే, ఫోనులో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే చేయండి. రాసేటప్పుడు ఆమె "చెలక" అంటే చెలకనే రాయండి, "మెట్ట పొలం" అని దిద్దకండి. "పోయేటోళ్లం" అన్నదాన్ని "వెళ్లేవాళ్లం" అని మార్చితే, రేపు చదివినప్పుడు మీ చెవికి అమ్మ గొంతు వినిపించదు.

ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు. ముందు రోజే కోసి, రాత్రి నీళ్లలో ఉంచిన పూలతో పేర్చడం వల్లనే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. కనుక పండుగ నాటికి చేరుకుంటే మీకు ఆలస్యమైనట్టే. ఒక రోజు ముందే సెలవు పెట్టి, పొద్దున్నే ఊరు చేరి, గునుగు కోయడానికి ఆమె వెంట చెలకల్లోకి మీరూ నడవండి. గంప మీరే పట్టుకోండి.