ఆ మాడ్యూల్ ఇప్పుడే కొనవద్దు

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పిన కారు గురించే ఆలోచిస్తూ చాలాసేపు నిద్రపోలేదు. బండిలో లోపాలు చదివే స్కానర్ పెడితే పదకొండు లోపం కోడ్లు వచ్చాయన్నావు. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లైటు, స్టీరింగు లైటు వెలిగి ఆరుతున్నాయన్నావు. గతుకుల రోడ్డు మీద వేగం చూపే ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోతోందన్నావు. ఏబీఎస్ మాడ్యూల్, అంటే దాన్ని నడిపే చిన్న కంప్యూటరు పెట్టె, పోయిందని, 38 వేలు అవుతుందని కారు యజమానికి చెప్పేశానని కూడా అన్నావు. ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆర్డరు పెట్టకపోతే రెండు రోజులు ఆపు. ఫోనులో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పదకొండు కోడ్లనూ ఒక కాగితం మీద రాసుకో. యు అక్షరంతో మొదలయ్యేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. యు కోడు అంటే మాడ్యూళ్ల మధ్య మాట తెగిందని అర్థం. ఏబీఎస్ పలకడం లేదని ఇంజనును నడిపే కంప్యూటరు ఈసీఎం చెబుతోంది, మీటరు బోర్డూ అదే చెబుతోంది. పలకనిది చచ్చిపోయిందని నువ్వు తీర్మానించావు. దానికి కరెంటు అందుతోందా, ఎర్త్, అంటే కరెంటు బండి ఇనుము మీదుగా బ్యాటరీకి తిరిగి వచ్చే దారి, సరిగా ఉందా, దాని దాకా వెళ్లే తీగలు బాగున్నాయా అని చూశావా? చూసి ఉంటే నాకు చెప్పేవాడివి. ఆ జాబితాలో పి0562 ఉందేమో కూడా వెతుకు. అది వోల్టేజీ తక్కువైందన్న కోడు. అది ఉంటే మిగిలిన పదింటినీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడు.

నేను పని నేర్చుకున్న రోజుల్లో స్విచ్చు నుంచి బల్బు దాకా ఒక తీగ పోయేది. అంబాసిడరు అయినా, పద్మిని అయినా, 1983 చివర్లో వచ్చిన మారుతి 800 అయినా తీగ రంగు పట్టుకుని వెళితే తప్పు ఎక్కడో దొరికేది. ఇప్పుడు చాలా బండ్లలో తలుపు అద్దం స్విచ్చు నొక్కితే ఆ స్విచ్చు మోటారుకు కరెంటు పంపదు. అద్దం దించమని ఒక మాట పంపుతుంది. ఆ మాట విన్న మాడ్యూల్ మోటారును తిప్పుతుంది. ఒక్కో పనికి ఒక్కో తీగ వేస్తూ పోతే కారు నిండా తీగలే అవుతాయని, రెండే తీగల మీద అందరి మాటలూ నడిచేలా బాష్ కంపెనీ క్యాన్ పద్ధతిని తయారుచేసి 1986లో బయటపెట్టింది. 1990ల మొదట్లో అది బెంజ్ పెద్ద కార్లలోకి ఎక్కింది. ఇప్పుడు మనవాళ్లు కొనే చిన్న కార్లలోనూ ఉంది. 2020 ఏప్రిల్ 1న పొగను తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చాక సెన్సర్లు ఇంకా పెరిగాయి. ఇదంతా చూసి నువ్వు బెదిరిపోతున్నావని నాకు తెలుసు. కానీ ఆ మాడ్యూళ్లన్నీ బతికేది ఆ బ్యాటరీ మీదే, ఆ ఎర్త్ బోల్టు మీదే. మన పని ఇంకా అక్కడే మొదలవుతుంది.

కాబట్టి బ్యాటరీతో మొదలుపెట్టు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కన్నా దిగితే ముందు ఛార్జింగు పెట్టు, ఆ తర్వాతే స్కానర్ తియ్యి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పోకూడదు. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.7 లోపు ఉండాలి. కొత్త బండ్లలో ఆల్టర్నేటరును ఈసీఎం తన అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది. అందుకని హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి చూడు, లేకపోతే ఛార్జింగు లేదని పొరబడతావు.

ఇక ఎర్త్. ఇది కాస్త నిదానంగా చదువు.

పోయిన ఏడాది ఒక కారు మన షెడ్డుకు వచ్చింది. అచ్చం నీ కారు లాంటి జబ్బే. అంతకుముందు ఒక చోట దానికి మాడ్యూల్ మార్చారు, వారం తిరగకుండా లైట్లు మళ్లీ వెలిగాయి. మాడ్యూలుకు తీగలు తగిలించే కప్లరు విప్పి, వోల్టులు కొలిచే మీటరు పెడితే 12.4 వోల్టులు నిక్కచ్చిగా చూపించింది. అది చూసి కరెంటు బాగానే వస్తోందని ఎవరైనా అనుకుంటారు. నేను హెడ్‌లైటు బల్బు ఒకటి, 55 వాట్లది, రెండు తీగలు కట్టి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాను. దాని ఒక కొసను బ్యాటరీ ప్లస్సుకు, రెండో కొసను కప్లరులోని ఎర్త్ పిన్నుకు తగిలించాను. బల్బు చింతనిప్పులా ఎర్రగా కనబడింది తప్ప వెలగలేదు. ఎర్త్ తీగ వెంట వెళితే ఫెండరు లోపల బోల్టు దగ్గర లగ్గు, అంటే తీగ కొసన ఉండే లోహపు రింగు, పచ్చగా చిలుము పట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. తీగలో రెండు మూడు పోగులే మిగిలాయి. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి ఆ రెండు పోగుల మీద కూడా 12 చూపిస్తుంది. బల్బు నాలుగున్నర ఆంపియర్లు అడుగుతుంది, అప్పుడు ఆ తీగ అసలు బలం బయటపడుతుంది. లగ్గు కొత్తది నొక్కి, బోల్టు కింద రంగు గీకి బిగించాను. ఆ బండి మళ్లీ రాలేదు.

నీ కారుకు ముందు ఈ పరీక్ష చెయ్యి. ప్లస్సు పిన్ను దగ్గర ఒకసారి, ఎర్త్ పిన్ను దగ్గర ఒకసారి. పిన్నులోకి లావు ప్రోబు గుచ్చవద్దు. పిన్ను వెడల్పయితే వదులు పట్టు అనే కొత్త జబ్బును నువ్వే తెచ్చిపెట్టినట్టు అవుతుంది. ఈ బల్బు లావు తీగలకు మాత్రమే. సెన్సరు తీగల మీద, ఈసీఎం నుంచి వచ్చే సన్న తీగల మీద పెడితే లోపలి భాగాలు కాలిపోతాయి. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి మీద బల్బూ వద్దు, మీటరూ వద్దు.

ఇంకో మాట. ఆ కారు సెకండ్ హ్యాండుది అన్నావు. 2024 సెప్టెంబరు 1న ఇక్కడ బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజే మీ ఖమ్మంలో మున్నేరు పొంగింది కదా. ఆ రోజు ఆ బండి ఏ వీధిలో ఉందో యజమానిని అడిగావా? ఆయనకు తెలియకపోవచ్చు, అమ్మినవాళ్లు చెప్పి ఉండరు. బండినే అడుగు. ముందు సీటు బెల్టును చివరి దాకా లాగి చూడు, ఒండ్రు మరక కనబడుతుందేమో. సీటు పట్టాల కింద తుప్పు చూడు. తివాచీ ఎత్తి కింద ఉన్న కప్లర్లు ఒక్కొక్కటీ విప్పు. వరద నీరు ఆరిపోయాక కూడా రాగిలో చిలుము నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. నీళ్లు దిగిన ఏడాదికి లైట్లు వెలిగిన బండ్లు నేను ఎన్నో చూశాను.

కరెంటు, ఎర్త్ రెండూ బాగున్నాయని తేలితే అప్పుడు క్యాన్ తీగల దగ్గరకు రా. బ్యాటరీ మైనస్ విప్పి, కాసేపు ఆగి, స్కానర్ పెట్టే సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య ఓములు, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో చూడు. రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఎక్కడో తీగ తెగింది, లేదా ఒక కొస ఊడింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. కొన్ని బండ్లలో సాకెట్టు వెనుక మాటలను అటూ ఇటూ చేరవేసే గేట్‌వే మాడ్యూల్ ఉంటుంది, అప్పుడు ఈ కొలత లోపలి తీగల సంగతి చెప్పదు. ఏబీఎస్ కప్లరు దగ్గరే చూడాలి. మీటరు పెట్టి ఉంచి, తీగల కట్టను చేత్తో ఊపమని కుర్రవాడికి చెప్పు. గతుకుల్లో వచ్చే జబ్బు కదలకుండా నిలబెట్టిన బండిలో దొరకదు. తెగిన చోటు దొరికితే ఆ రెండు తీగలనూ మళ్లీ ముందున్నట్టే మెలివేసి అతుకు. ఆ మెలికే బయటి అలజడిని లోపలికి రానివ్వదు. ఉత్త టేపు చుట్టి వదలవద్దు, సాల్డరింగు చేసి స్లీవు వెయ్యి.

ఎలుకలు కొరికిన తీగలు, తర్వాత బిగించిన కెమెరాలు, హారన్లు, ఫాగ్ లైట్లు కూడా ఒకసారి చూడు. ఏ తీగ మధ్యలో కోసి కలిపారో వాటి దగ్గర తెలిసిపోతుంది.

ఎలక్ట్రిక్ కార్లు కూడా పట్టుకుంటానన్నావు. సంతోషమే. కానీ నారింజ రంగు తీగల్లో చాలా బండ్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. శిక్షణ తీసుకుని, దానికి తగిన గ్లవ్సులు కొనేదాకా ఆ రంగు ఉన్న చోట చెయ్యి పెట్టవద్దు. ఇది నీ ప్రాణానికి సంబంధించిన మాట నాన్నా. ఆ బండ్లలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది దిగిపోతే బండి మేలుకోదు. అది నువ్వు ఇప్పుడే చూడగలవు.

డబ్బు సంగతి. వెతకడానికి కూలి అడగాలంటే నీకు మొహమాటం. అందుకే సామాను అమ్మి అందులో సంపాదించాలని చూస్తున్నావు. మన పనిలో అందరూ చేసేదే, నేనూ కొన్నేళ్లు చేశాను. వద్దు. రేపు ఆ యజమానికి ఫోను చేసి, మాడ్యూల్ సంగతి తొందరపడి చెప్పానని, ఒక రోజు బండి నా దగ్గర ఉంచితే పూర్తిగా చూస్తానని, చూసినందుకు ఇంత తీసుకుంటానని ముందే చెప్పు. 38 వేలు మిగులుతాయేమో అన్నప్పుడు ఆ కూలి ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. మాడ్యూలే పోయిందని తేలితే అప్పుడు మార్చు, కొలిచిన అంకెలు రాసిన కాగితం ఆయన చేతికి ఇచ్చి మరీ మార్చు.

అక్కయ్యను, బావగారిని అడిగానని చెప్పు. బల్బు ఎంత వెలిగిందో, 60 వచ్చిందో 120 వచ్చిందో చూసి నాకు ఫోను చెయ్యి. రాత్రి ఎంతయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

నీ మామయ్య