కాదని చెప్పే సీను గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. చిన్న చిన్న దిద్దుబాట్లు పక్కన ఉంచితే, నీ కథానాయిక తనని పెళ్లి చేసుకుంటానన్న అబ్బాయికి కాదని చెప్పే చోటే నాకు పేచీ.

వాళ్లిద్దరినీ సాయంత్రం ఆరింటికి ప్రకాశం బ్యారేజీ మీద నిలబెట్టావు. విజయవాడ పిల్లవి, ఆ వేళప్పుడు అక్కడ హారన్ల మోతలో పక్కమనిషి మాట వినపడుతుందా? పైగా నీ అమ్మాయి నోట్లోనే మాట్లాడుతుంది! లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గరికి తీసుకెళ్లు. చేతిలో అట్ట చిరిగిన డిటెక్టివ్ నవల, మధ్యలో ధర చెప్పే కొట్టతను. ఇబ్బందైన మాట చెప్పేటప్పుడు మనవాళ్లు మొహంలోకి చూడరు, చేతులకేదో పని పెట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. “నాకు వంట రాదు, కోపమెక్కువ, నేను పెళ్లికి పనికిరాను” అని వరసపెట్టి చెప్పించావు. అబ్బాయి ఊరుకుంటాడా? వంట నేను చేస్తానంటాడు, కోపం భరిస్తానంటాడు. కారణాలు పెరిగేకొద్దీ వ్యవహారం మా మిర్చి యార్డు బేరంలా తయారైంది. ఆమె కాదంటున్నట్టు లేదు, బతిమాలించుకుంటున్నట్టు ఉంది.

“నేను నిన్ను చేసుకోలేను” అన్న మాట ముందు అననీ. మెత్తగానే, కానీ ఆశ మిగలకుండా. పెళ్లికి తగుదునా అన్న అనుమానాన్ని అతనికి చెప్పే సాకు చెయ్యకు, అది ఆమె సొంతం. పెళ్లైన స్నేహితురాలింట్లో ఓ పూట గడిపి, తన గదికొచ్చి తాళం తీస్తుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయికి తనే కంగారుపడుతుంది. అక్కడ ఆగి రాయి, రెండు పేజీలైనా సరే. చిన్నప్పుడు నాన్న తాగొచ్చేవాడన్న ఫ్లాష్‌బ్యాక్ మాత్రం కొట్టెయ్. ప్రతి అనుమానం వెనకా ఓ గాయం ఉండితీరాలా?

అన్నట్టు, “నిన్ను అన్నయ్యలా అనుకున్నా” కూడా తీసెయ్. ఆ అబ్బాయేం పాపం చేశాడు? అతణ్ణి మంచివాడిగానే ఉంచు, వెధవని చేస్తే ఆమెకు పని మరీ తేలికైపోతుంది. కాదన్నాక ఏమవుతుందో నువ్వసలు రాయలేదు. ఆ నవలకి డబ్బులెవరిస్తారు? ఇద్దరిదీ ఒకే సిటీ బస్సైతే ఎక్కేదెవరు, ఆగేదెవరు? నాకైతే ఆ పది నిమిషాలే కావాలి.

మార్చి పంపు. పోస్టులోనే పంపమ్మా, ఫోన్లో చదవడం నా కళ్లవల్ల కావట్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు