భోగిపళ్ళు పోస్తుంటే బాబు ఏడ్చాడు, అత్తగారు నన్నన్నారు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో ఉంటాం. పోయిన సంక్రాంతికి మా అత్తగారు పాలకొల్లు నుంచి వచ్చి భోగిపళ్ళు పోస్తుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ‘పిల్లాడికి పండగంటే ఏంటో నేర్పలేదు’ అని అందరి ముందూ అనేశారు. ఈసారీ వస్తున్నారు. వర్క్‌షీట్లు ప్రింట్ తీశా, వీడియోలు పెడుతున్నా, రెండు నిమిషాలు కూర్చోడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ వర్క్‌షీట్లు అటక మీద పెట్టేయండమ్మా. ఆ వయసు పిల్లాడు ఒక పని మీద పది నిమిషాలుంటే గొప్ప, అదీ చేతికి ఏదైనా తగిలితేనే.

ఇక ఏడుపు సంగతి. సాయంత్రం వాడికి నిద్ర ముంచుకొచ్చే టైమ్, గుచ్చుకునే పట్టుబట్టలేసి పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ పదిమంది తెలియని ఆంటీలు, పైనుంచి నెత్తి మీద రేగిపళ్ళూ చెరుకు ముక్కలూ చిల్లరా టపటపా పడితే మనమైనా ఉలిక్కిపడతాం. దానికీ మీ పెంపకానికీ సంబంధం లేదు. ఈసారి పండక్కి వారం ముందు నుంచి వాడి ఎలుగుబంటి బొమ్మని పీట మీద కూర్చోబెట్టి వాడి చేతే పోయించండి, బంతిపూల రేకులు, నాలుగు రేగిపళ్ళు చాలు. పోసేవాడు తనే అయితే భయం సగం పోతుంది. చిల్లర మాత్రం నెత్తి మీద వద్దు, దోసిట్లో పెట్టి తర్వాత హుండీలో వేయించండి, నాణేలూ రేగి గింజలూ ఈ వయసులో నోట్లోకి పోతే ప్రమాదం, పక్కన ఒకళ్ళు కనిపెట్టుకుని ఉండాలి.

మీ ఉత్తరంలో నా మనసుకి అసలు తగిలింది మీ అత్తగారి సంగతి. ఆవిడది కోపం కంటే బెంగ అనిపిస్తోంది, మనవడు పరాయివాడైపోతున్నాడని. (అందరి ముందూ అనడం తప్పే, అది మీ ఆయన ఆవిడకి విడిగా చెప్పాలి, మీరు కాదు.) ఇప్పుడే ఫోన్ చేసి, ‘అత్తయ్యా, వచ్చేటప్పుడు గుప్పెడు వడ్లు, నాలుగు వరి కంకులు తెండి, వాడికి మీరే చూపించాలి’ అనండి. మీ వైపు సార్వా పంట, అంటే వానాకాలం వరి, కోసి, నూర్చి, గాదెలు నిండాకే కదా పండగొచ్చేది, ఆ సంగతి ఆవిడకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. వడ్లగింజని గోటితో ఒలిచి పొట్టు ఊదేస్తే లోపల బియ్యం బయటపడుతుంది చూడండి, దాని ముందు ఏ వీడియో చాలదు. అదే అన్నం అవుతుందంటే వాడు నమ్మడు కూడా! కంకులు కుచ్చుగా కట్టి బాల్కనీలో వేలాడదీయండి, ఊళ్ళో పిచ్చుకల కోసం చూరుకి కట్టినట్టు. కూకట్‌పల్లిలో పిచ్చుకల బదులు పావురాలొస్తాయి, అయినా పర్లేదు.

ముగ్గు ఆవిడ పెడుతుంటే మూడు చుక్కలు మూడు వరుసలు పక్కన వాడికి వదిలేయమనండి, చాక్‌పీస్‌తో కలుపుకుంటాడు, వంకర పోయినా ఎవరూ దిద్దకూడదు. భోగి పిడకలకి పేడ దొరక్కపోతే గోధుమపిండి ముద్దతో చిన్న చిన్న గారెల్లా చిల్లులు పెట్టి ఎండబెట్టి దండ గుచ్చించండి, మంట దగ్గర మాత్రం తాతయ్యో నాన్నో ఎత్తుకునే వేయించాలి. మూడు రోజులూ అన్నీ చేయించక్కర్లేదు, రోజుకొకటి ఎక్కువే. కనుమనాడు పశువుల్ని చూపించే వీలుంటే ఆవుకి రెండు అరటిపళ్ళు పెట్టించండి, లేకపోతే ఇంట్లో గారెలు తినేసి ఊరుకోండి.

ఇంతా చేశాక కూడా పీట మీద ఏడిస్తే మీరు కంగారుపడకండి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు రేగిపళ్ళు దిగదుడిచి లేపేయండి, దిష్టి దానికీ పోతుంది.