ఫ్లాట్‌లో పెంచుకోవడానికి ఏ కుక్క మంచిది? మేం పడ్డాక తెలుసుకున్నది చెప్తాను

నాలుగో అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాట్, ఇద్దరూ ఉద్యోగస్తులు, ఆరేళ్ళ పాప. పాపకేమో హస్కీ కావాలి, మీవారికి పగ్ ఇష్టం, మీకు మాత్రం ఏదో ఒక చిన్న జాతి అయితే ఫ్లాట్‌లో ఇబ్బంది ఉండదేమో అనిపిస్తోంది. మీరు రాసింది ఇదే కదండీ. చిన్న కుక్క అయితే చాలు అనుకునే మేమూ మోసపోయాం, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

2018లో కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు బీగల్ పిల్లను తెచ్చుకున్నాం. పెద్దయ్యాక కూడా పది పన్నెండు కిలోలే, పిల్లలతో బాగా ఉంటుంది, బొచ్చు పొట్టిది, ఇంకేం కావాలి అనుకున్నాం. బంటి అని పేరు పెట్టాం. ఉదయం తొమ్మిదింపావుకి ఇద్దరం తాళం వేసి బయల్దేరితే లిఫ్ట్ కిందికి చేరేలోపే ఊళ మొదలయ్యేదట. మాకు ఆ సంగతి నెల రోజుల దాకా తెలీదు. ఒకరోజు పక్కింటావిడ ఏమీ అనకుండా ఫోన్ తీసి వినిపించింది, నలభై నిమిషాల రికార్డింగ్, మొరుగుడు కాదు, మెడ పైకెత్తి తీసే ఆ పొడుగాటి ఊళ. వాళ్ళాయన నైట్ షిఫ్ట్ చేసి ఆ టైముకే పడుకుంటాడు. ఇంటికొచ్చి తలుపు లోపలివైపు వంగి చూస్తే అడుగు ఎత్తు వరకు పెయింట్ ఊడి చెక్క బయటపడి ఉంది, వాడి ముందుకాళ్ళ గోళ్ళ మొదట్లో ఎండిన రక్తం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు వాడిది కాదు. ఇంగ్లండ్‌లో కుందేళ్ళ వేటకు గుంపులుగా తిప్పిన జాతి అది. వాసన పట్టుకుని పరిగెత్తుతూ, వెనకొచ్చే వేటగాళ్ళకు దూరం నుంచి వినపడేలా అరవడానికే తరతరాలుగా ఎంచి పెంచారు, గుంపులో బతకడం దాని రక్తంలో ఉంది. అలాంటి ప్రాణిని రోజుకు తొమ్మిది గంటలు ఒంటరిగా నాలుగ్గోడల మధ్య వదిలేశాం. చివరికి తెనాలిలో మా ఆడపడుచు వాళ్ళింటికి పంపాం. అక్కడ పెరడు ఉంది, పగలంతా మనుషులుంటారు, వాడు ఇప్పటికీ హాయిగా ఉన్నాడు. కానీ వాణ్ణి దింపి వచ్చేటప్పుడు గేటు దగ్గర మాతో పాటు కారెక్కబోయిన ఆ చూపు మర్చిపోలేను.

కాబట్టి జాతి పేరు, బరువు తర్వాత చూద్దురుగాని. పగలు ఇంట్లో ఎన్ని గంటలు మనిషి ఉంటారు, ఆ జాతిని అసలు ఏ పని కోసం పుట్టించారు, మన ఎండకు తట్టుకుంటుందా, ఈ మూడూ ముందు చూడండి.

హస్కీ మాత్రం వద్దండీ, పాప ఏడ్చినా సరే. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి, రెండు పొరల బొచ్చు. హైదరాబాదులో ఏప్రిల్, మేలో నలభై దాటుతుంది, పగలంతా ఏసీ వేసి ఉంచినా దాని కాళ్ళకు కావాల్సిన పరుగు ఫ్లాట్‌లో దొరకదు. ఆ పరుగు లేకపోతే అది సోఫాలు చింపుతుంది, అప్పుడు దాన్నే తిడతాం.

పగ్ విషయం ఇంకొంచెం జాగ్రత్త. 2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ కనిపించాక మనవాళ్ళు ఎగబడి కొన్నారు. అల్లరి తక్కువ, ఫ్లాట్‌కి సరిపోయే స్వభావమే, కాదనను. కానీ కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి, పగ్‌కి ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ రొప్పడమే సరిగా సాగదు. మా ఆఫీసులో ఒకావిడ మే నెలలో సాయంత్రం నాలుగింటికి కిందికి తీసుకెళ్తే పది నిమిషాలకే పక్కకి ఒరిగిపోయింది. తడిగుడ్డ చుట్టి, నీళ్ళు చల్లుతూ ఆటోలో డాక్టరు దగ్గరికి పరిగెత్తారు, బతికింది. ఎండాకాలం తెల్లవారకముందు, చీకటి పడ్డాక తప్ప బయటికి తీసుకెళ్ళం అని మాట ఇచ్చుకోగలిగితేనే ఆలోచించండి.

లాబ్రడార్ బంగారం లాంటి కుక్క, కానీ ముప్పై కిలోలు, ముసలితనంలో నడుము, తుంటి కీళ్ళు పట్టేస్తాయి, కరెంటు పోయి లిఫ్ట్ ఆగిన రోజు నాలుగు అంతస్తులు ఎత్తుకుని దింపాలి. పొడుగు బొచ్చు ఉండే చిన్న జాతి షిట్జు అయితే రోజూ దువ్వే ఓపిక ఉండాలి, అంతే.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మల్లి. మనం ఊరకుక్క అనే నాటు కుక్క. 2021లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరుగుతుంటే తెచ్చుకున్నాం, అప్పటికే దానికి రెండేళ్ళుంటాయని డాక్టరు పళ్ళు చూసి చెప్పారు. పెద్ద కుక్కను తెచ్చుకోవడంలో ఉన్న లాభం ఏంటంటే దాని స్వభావం ముందే కనబడుతుంది, పిల్ల అయితే పెద్దయ్యాక ఎలా తయారవుతుందో తెలీదు. మల్లి పదిహేడు కిలోలు, పగలంతా బాల్కనీ తలుపు దగ్గర పడుకుంటుంది, కాలింగ్ బెల్ మోగితే రెండుసార్లు మొరుగుతుంది. ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి కిందికి తీసుకెళ్తాం, మధ్యాహ్నం పనమ్మాయి వచ్చినప్పుడు ఒకసారి తిప్పుతుంది, దానికి విడిగా డబ్బులిస్తాం. మొదట్లో సుఖంగా ఏం లేదు. లిఫ్ట్ అంటే ప్రాణభయం, తలుపు తెరుచుకోగానే నాలుగు కాళ్ళూ నేలకు బిగించేసేది. పదకొండు రోజులు మెట్లెక్కి దిగాం, తర్వాత ఉడికించిన చికెన్ ముక్క ఒకటి లిఫ్ట్ గడప మీద, ఒకటి లోపల, అలా ఒక్కో అడుగు వేయించాం. వానాకాలం గోమార్లు పడతాయి, చెవుల లోపల, వేళ్ళ సందుల్లో రోజూ వెతకాలి, ఒకసారి వాటి కాటు వల్ల వచ్చే జ్వరం కూడా వచ్చి తగ్గింది.

కొనుక్కునేట్టయితే పిల్లకు ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 నుంచి నిబంధన ఉంది. మాకు బంటిని అమ్మినతను నలభై ఐదు రోజులన్నాడు, అదే నిబంధన ప్రకారం తక్కువ, పైగా డాక్టరు చూసి నెల కూడా నిండలేదన్నారు. అంత త్వరగా తల్లికి దూరం చేస్తే ఆ భయం పెద్దయ్యాకా పోదట. తల్లిని చూపించనివాళ్ళ దగ్గర కొనకండి. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా, మునిసిపల్ కార్పొరేషన్ లైసెన్సు, ఇవి తప్పనిసరి.

అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరేమో అని టెన్షన్ పడుతున్నారు కదా. మెజారిటీతో తీర్మానం చేసినా కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని, లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. అయితే కాగితం చూపించి గెలవడం కన్నా చేతిలో కవరు పట్టుకుని దాని పెంట మనమే తీయడం, లిఫ్ట్‌లో భయపడేవాళ్ళుంటే తర్వాతదాన్లో వెళ్ళడం మేలు. మా పక్కింటావిడ ఇప్పుడు మల్లికి పెరుగన్నం కలిపి పెడుతుంది.

పాపకు ముందు నుంచే చెప్పండి, తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దని. దత్తత ఇచ్చేవాళ్ళను అడిగి రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని చూడండి, ఒకరోజు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అరగంట బయటికెళ్ళి రండి. మీ ఆఫీసు టైములు, పగలు ఇంటికి ఎవరొస్తారు అన్నది రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను. మియాపూర్, కూకట్‌పల్లి వైపే అయితే ఒక ఆదివారం పాపను తీసుకుని మల్లిని చూడ్డానికి రండి.